మైకు గది అక్క

బస్టాండులో అందరూ ఆమెను మైకు గది అక్క అంటారు. గుక్కెడు వేడినీళ్లు తాగి, కొంగుతో మైకు తుడిచి, బయలుదేరే బస్సుకు పిలుపు ఇస్తుంది. ఏడాదిగా ఆ గొంతు బొంగురుపోయి బరువెక్కింది. థైరాయిడ్ సరిగ్గా పనిచేయడం లేదని డాక్టరు మాత్రలు రాశాడు కానీ, పాత గొంతు పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేదు. ముఖం ఉబ్బినందుకు, జుట్టు పలచబడినందుకు ఆమెకు దిగులు లేదు; మైకు ముందున్న ఆ కుర్చీ పోతుందేమోనన్నదే బెంగ. "ఏంటక్కా, బావగారిని కూర్చోబెట్టావా?" అని డ్రైవర్లు నవ్వితే తనూ నవ్వేది.

ఆ బస్టాండులో ఆడగొంతు వినబడితే బస్సు కదులుతుందని, కంట్రోలరు మగగొంతు వినబడితే రద్దయిందని రోజూ వచ్చేవాళ్లకు తెలుసు. నిన్న సాయంత్రం ఆమె గొంతు మరీ దిగిపోయింది. ఆఖరి బస్సుకు పిలుపు ఇవ్వగానే, జనం మాటలు వినకుండానే ఉసూరుమంటూ సంచులతో బస్సు దిగిపోయారు. కంట్రోలరు తల గోక్కుంటూ, "రేపట్నుంచి పాసుల కౌంటర్లో కూర్చోక్కా" అన్నాడు. ఆమె మైకు కట్టేసి, తనే బస్సు దగ్గరికి వెళ్లింది.

"ఎక్కండి, బస్సు ఉంది."

"మైకులో ఆయన లేదన్నాడుగా తల్లీ?" అంది మెట్టు దగ్గర ఒక ముసలమ్మ.

"ఆయన పొరపాటు పడ్డాడు పెద్దమ్మా, ఎక్కండి" అని ఆమె మెల్లగా చెప్పి, సంచి అందుకుని బస్సులో పెట్టింది.