పెదబాబు కళ్ళు పెట్టని పడవ

ఓడలరేవులో పడవలకు రంగులు వేసే పెదబాబుకు సన్నగీత పిచ్చి. పడవ ముందు భాగాన రెండు కళ్ళు దిద్దడానికి రెండు రోజులు పట్టేది. కనుబొమ్మ కాస్త వంకరపోయిందంటే చెరిపి మళ్ళీ మొదలు. చేపల వేట ఆగిపోతోందని పడవవాళ్ళు నెత్తీ నోరూ బాదుకున్నా, "ఆయ్, అయిపోయిందండీ" అనేవాడే తప్ప తొందరపడేవాడు కాదు.

అలాంటివాడు కిందటేడు తమ్ముడు నాగేంద్ర పోయాక మారిపోయాడు. మిట్టమధ్యాహ్నం ఓ పెద్ద ఓడ నాగేంద్ర పడవను గుద్దేసి వెళ్ళిపోయింది. విచారణ చేసినవాళ్ళు "పడవ కనబడలేదు" అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకున్నారు. నిండు పసుపు రంగు పడవ! పళ్ళెమంతేసి కళ్ళు! నాకైతే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఆ పడవను బాగు చేయించి, పెదబాబు ఉన్న రంగు డబ్బాలన్నీ దాని ముందు పెట్టుకున్నాడు. కుంచె ముట్టలేదు. ఎరుపు దోసిలితో విసిరాడు. నలుపు చీపురుతో బాదాడు. తెలుపు పైనుంచి కుమ్మరించాడు. ఏడుస్తూ, తిడుతూ మూడు రోజులు అదే పని. నాలుగో రోజు ఊరంతా చూడ్డానికి వచ్చింది.

"చేపల పులుసు ఒలికిపోయినట్టుందండీ," అంది పెదబాబు భార్య వీరాయమ్మ.

పక్కింటి మాణిక్యాలరావు తల అటూ ఇటూ వంచి చూసి, అందులో తన మావగారు కనబడుతున్నారన్నాడు.

"కోపంగా ఉన్నారాండీ?" అడిగాడు పెదబాబు.

"ఆయ్."

"అయితే ఆయనేలెండి."

వీరాయమ్మ పడవ చుట్టూ తిరిగి వచ్చింది. "మరి కళ్ళేవండీ?"

"పడవ బాగానే చూసింది. చూడంది ఓడ."

ఆవిడ చీర చెంగుతో అతని గడ్డానికంటిన ఎరుపు తుడిచింది.

ఆ వారమే పడవల తనిఖీకి ఓ అధికారి వచ్చాడు. పడవలన్నీ ఒకే రంగులో ఉండాలట. రోడ్డు మీద జీపు దిగుతూనే కేకలు మొదలెట్టాడు.

"ఎవరిదయ్యా ఆ పడవ? రెండు రోజుల్లో ఆ రంగులన్నీ చెరిపెయ్యాలి!"

"చెరిపేత్తానండి," అన్నాడు పెదబాబు వినయంగా. "మరి ఇక్కడికి కనబడుతోందాండీ?"

"అర కిలోమీటరు నుంచి కళ్ళు పోతున్నాయి!"

"ఆ ముక్క కాయితం మీద రాసిత్తారాండీ?"

అధికారి మండిపడుతూ జీపు మీదే నోటీసు బరికాడు: "సదరు పడవ అర కిలోమీటరు దూరం నుండి స్పష్టంగా కనబడుచున్నది." కింద సంతకం, ముద్ర.

చెప్పినట్టే పెదబాబు రెండు రోజుల్లో పడవకు ఒకే రంగు వేశాడు. కళ్ళు కూడా పెట్టాడు. ఓ కనుబొమ్మ వంకరపోయింది. చెరపలేదు.

ఆ సాయంత్రం నోటీసుకు అద్దం కట్టించి తమ్ముడి ఫోటో కింద తగిలించాడు. మేకు కొడుతూ ఫోటోతో అంటున్నాడు:

"కనబడిందంటరా, నాగేంద్రా. సంతకం కూడా పెట్టేరు."