కాక నొక్కిన నక్షత్రం

మా కాక పోయాడు. చేవెళ్లలో చాలామందికి ఈ సంగతి చౌరస్తాలో కట్టిన ఫ్లెక్సీ చూసి తెలిసింది. ఎవరికి పదవి వచ్చినా, ఎవరి పుట్టినరోజైనా, ఎవరు చనిపోయినా ఆ చౌరస్తాకు ఫ్లెక్సీ చేసి ఇచ్చింది ఇన్నేళ్ళూ ఆయనే. ఆయనది మాత్రం ఎవరో వేరే దుకాణంలో చేయించారు. అందులో సంతాపం తెలిపే నాయకుడు నిలువెత్తున చేతులు జోడించి ఉన్నాడు. అనుచరుల ముఖాలు కింద వరుసగా ఉన్నాయి. కాక ముఖం ఒక మూలన, చిన్న గుండ్రంలో ఉంది. ఏదో పెళ్ళి ఫోటోలోంచి కత్తిరించారేమో, భుజం మీద ఎవరిదో చెయ్యి కూడా మిగిలిపోయింది. "సచ్చినోని మొఖం పెద్దగుండాలె, ఏడ్సెటోని మొఖం చిన్నగుండాలె" అని దుకాణానికి వచ్చిన గిరాకీలతో కొట్లాడిన మనిషి ఆయన. ఆ ఫ్లెక్సీ చూసి నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇది రాస్తున్నప్పుడు కూడా అది పూర్తిగా తగ్గలేదు, చదివేవాళ్ళు ఏమీ అనుకోవద్దు.

కాక అంటే మా నాన్న తమ్ముడు. మాది సురంగల్. నాన్న పూలతోట పెట్టుకుని ఊళ్ళోనే ఉండిపోతే, కాక చేవెళ్ల బస్టాండు దగ్గర ఫ్లెక్సీల దుకాణం తెరిచాడు. నోరు పెద్దది, కోపం పెద్దది, ప్రేమ ఇంకా పెద్దది. స్కూటరు మీద ఎక్కించుకుంటే దారిలో కనబడిన ప్రతి బోర్డునూ పైకి చదివి, దాన్ని తిట్టేదాకా ఊరుకునేవాడు కాదు. "తెల్లదాని మీద పసుపు రాసిండు సూడు, దేవునికి గూడ కనవడది." తాను చేసిన ఫ్లెక్సీ కట్టాక రోడ్డు దాటి అవతలికి వెళ్ళి, అక్కడ నిలబడి, కళ్ళు చికిలించి చూసేవాడు. లారీలు అడ్డం వస్తుంటే వాటినీ తిట్టేవాడు. "దగ్గరికెల్లి సూస్తే అన్నీ మంచిగనే ఉంటయి బిడ్డ. రోడ్డు అవుతలికెల్లి కనవడాలె. కనవడనిది లేనట్టే." ఆయన నాకు నేర్పిన విద్య మొత్తం ఇదే. అది నిజమని నేను చాలా కష్టపడి తెలుసుకున్నాను.

నేను గండిపేట దగ్గర ఒక కంపెనీలో ఉద్యోగం చేసేదాన్ని. అది వదిలేసి, ఒక్కదాన్నే కూర్చుని ఫోన్లో ఆడుకునే ఒక ఆట తయారుచేశాను. పేరు పూలబండి. తెల్లవారకముందే తోటలో కోసిన పూలను టెంపోలో వేసుకుని, వాడిపోకముందే పట్నం మార్కెట్టుకు చేర్చాలి. దారిలో స్పీడు బ్రేకర్లు, బర్రెల మందలు, ఫామ్‌హౌసులకు పోయే కార్లు, పెళ్ళి బరాత్‌లు. గట్టిగా బ్రేకు వేస్తే బంతిపూల గంప ఒరిగిపోతుంది. మా నాన్న జీవితంలో ప్రతి తెల్లవారుజామూ అదే కాబట్టి నాకు కొత్తగా కల్పించాల్సింది ఏమీ లేకపోయింది. నాన్న ఒక్కటే అడిగాడు, "ఎప్పటిదాక బిడ్డ?" క్రిస్మస్ దాకా అన్నాను. అప్పటికి జనం ఆడితే ఇదే నా పని, లేకపోతే మళ్ళీ ఉద్యోగం.

ఆట ఫోన్లలోని యాప్ స్టోరులోకి వెళ్ళింది. ఎవరూ చూడలేదు. బాగాలేదని కూడా ఎవరూ అనలేదు, అంటే కనీసం చూశారని సంతోషించేదాన్ని. రోజూ అక్కడికి వచ్చిపడే వేల ఆటల కింద నాది ఎక్కడో పడిపోయింది. ఆటల గురించి మాట్లాడే వాళ్ళందరికీ రాశాను, జవాబు లేదు. రీల్స్ చేసే గండిపేట అమ్మాయి ఒకామె మాత్రం బదులిచ్చింది, నన్ను ఎంతమంది ఫాలో అవుతున్నారని అడిగింది. ఎవరూ చూడనిదాన్ని చూపించమని అడగాలంటే, అది ముందే అందరూ చూసినదై ఉండాలట. ఈ లోకం న్యాయం అది.

ఈ గోడు విన్న కాకకు పౌరుషం వచ్చింది. "పట్నపోళ్ల కాళ్లు ఎందుకు మొక్కుతవ్? ఇంట గెలిచి రచ్చ గెల్వాలె. మన చేవెళ్ల, మన మొయినాబాద్ ఆడినంక ఆళ్లే వస్తరు" అన్నాడు. రెండు ఊళ్ళలోనూ ఫ్లెక్సీలు కట్టించాడు. టెంపో నిండా బంతిపూలు, పైన పెద్ద అక్షరాలతో పూలబండి, కింద స్కాన్ చేసే గుర్తు, దాని పక్కన అలవాటు కొద్దీ తన దుకాణం ఫోన్ నంబరు. రోడ్డు అవతలి నుంచి చూస్తే ఎంత బాగా కనబడిందో చెప్పలేను. అంత బాగా కనబడటమే కొంప ముంచింది. తోటలవాళ్ళ నుంచి కాకకు ఫోన్ల మీద ఫోన్లు.

"అన్నా, పూలబండి కిరాయికి వస్తదా?"

"బండి రాదు, ఆట వస్తది. ఫోన్ల ఎక్కిచ్చుకో."

"ఆట నేనేం జేస్కోను, నాకు పొద్దుగాల మార్కెట్‌కు పోయే బండి గావాలె."

కొన్నాళ్ళకు ఇంకొకరి పుట్టినరోజు ఫ్లెక్సీ తెచ్చి మా దాని మీదే కట్టేశారు. కాక నిచ్చెన వేసుకుని వెళ్ళి ఆ పుట్టినరోజుదాన్ని పైకి జరిపి కట్టి వచ్చాడు. మర్నాటికి మళ్ళీ కిందికి వచ్చింది. ఫ్లెక్సీలవాడి ఫ్లెక్సీకే చౌరస్తాలో చోటు లేకపోయింది.

అప్పుడాయనకు చర్చి గుర్తొచ్చింది. డిసెంబరు మొదలైంది, ఇళ్ళ మీద కాగితం నక్షత్రాలు వెలుగుతున్నాయి. మా దగ్గర ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం ఉంటుంది. జ్వరం తగ్గినవాళ్ళు, పరీక్ష పాసైనవాళ్ళు, బిడ్డ పుట్టినవాళ్ళు లేచి నిలబడి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకుంటారు. ఆ ఆదివారం నేను పట్నంలో, ఆటలు తయారుచేసేవాళ్ళు తమ ఆటలు చూపించుకునే మేళాలో, ఎవరూ రాని బల్ల వెనుక కూర్చుని ఉన్నాను. ఇక్కడ కాక సాక్ష్యానికి లేచాడు. అక్కడున్న మా చిన్నమ్మ, అంటే ఆయన భార్య, నాకు తర్వాత పూసగుచ్చినట్టు చెప్పింది.

"దేవుడు మా బిడ్డకు తెలివిచ్చిండు. ఒక ఆట జేసింది. అందరు ఫోన్లల్ల ఎక్కిచ్చుకోండ్రి. ముసలోళ్లకు పిల్లలు జర ఎక్కిచ్చియ్యుండ్రి. ఆడినా సరే, ఆడకపోయినా సరే, కింద స్టార్లుంటయి. అండ్ల ఒక్కటి నొక్కుండ్రి. గిట్ల."

అని తన ఫోన్ పైకెత్తి, అందరికీ కనబడేలా మొదటి నక్షత్రం నొక్కాడు. అది పసుపుగా వెలిగింది. సంఘమంతా ఆమెన్ అన్నది. మా వాళ్ళకు చెప్పిన మాట తప్పడం తెలియదు. ప్రతి ఒక్కరూ శ్రద్ధగా, ప్రార్థన చేసుకుని మరీ, ఒక్కటే నొక్కారు.

పట్నంలో బల్ల వెనుక నా ఫోన్ మోగడం మొదలైంది. ఎక్కించుకుంటున్నారు, ఎక్కించుకుంటూనే ఉన్నారు. లేచి నిలబడ్డాను. తర్వాత కింద రాసినవి చదివాను. "ప్రభువుకు స్తోత్రం, బిడ్డ మంచిగ చేసింది", ఒక నక్షత్రం. "పూలు శాన అందంగున్నయి", ఒక నక్షత్రం. "తల్లీ నీకు దీవెనలు, ఇంకా మంచి ఆటలు చేయాలె", ఒక నక్షత్రం. స్టోరుకు దీవెనలు చదవడం రాదు. ఐదింట్లో ఒకటే వచ్చిందంటే ఇది చెత్త అని దానికి అర్థం. సాయంత్రానికి పూలబండి వెతికినా దొరకనంత కిందికి వెళ్ళిపోయింది. పగవాళ్ళు వందమంది కలిసినా అంత చక్కగా ముంచలేరు.

ఊరికి వచ్చేసరికి కాక దుకాణం ముందే నిలబడి ఉన్నాడు, ముఖం వెలిగిపోతోంది. "ఎట్లున్నది బిడ్డ? వొచ్చిండ్రా?" అన్నాడు. చెప్పాను. ఆయన స్టూలు మీద కూర్చున్నాడు.

"ఒక్కటంటే తక్కువనా?"

"ఐదు ఇయ్యాలె కాక."

"మనం ఇంటి మీద కట్టే స్టార్ ఒక్కటే గద బిడ్డ" అన్నాడు.

మర్నాటి నుంచి దుకాణం షట్టరు సగం దించి, స్కూటరు వేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. సురంగల్, మొయినాబాద్, చేవెళ్ల. ఫోన్ అడిగి తీసుకోవడం, ఐదో నక్షత్రం వాళ్ళ వేలితోనే నొక్కించడం. ఒక రోజు నేనూ వెంట వెళ్ళాను. ఒక అవ్వ ఫోన్ కొంగులో దాచుకుంది.

"పెట్టిన స్టార్ మల్ల తీస్కుంటవా అయ్యా? దేవుని పేరు మీద పెట్టిన."

"తీస్కుంట లేనవ్వా. ఇంకో నాలుగు అడుగుతున్న. అడుగనిదే అమ్మైన పెట్టది గద."

అవ్వ నవ్వి ఫోన్ ఇచ్చింది, చాయ్ కూడా ఇచ్చింది. తిరిగి వస్తుంటే స్కూటరు మీద ఆయన బోర్డులు చదవడం మళ్ళీ మొదలుపెట్టాడు. నాకు నిజంగా ఆశ కలిగింది.

అప్పుడు స్టోరు నుంచి మెయిల్ వచ్చింది. ఒకే ప్రాంతం నుంచి, కొద్ది రోజుల్లోనే, ఒకటి కాస్తా ఐదుగా మారడం అనుమానాస్పదంగా ఉందట. ఇలాంటివి కొనుక్కున్న నక్షత్రాలని వాళ్ళు భావిస్తారట, అందుకని తొలగించారట. కాక మార్పించిన ఐదులన్నీ పోయాయి. ఆయనకు దొరకని ఇళ్ళ ఒకట్లు మాత్రం చెక్కుచెదరలేదు. చదివి వినిపిస్తే ఆయన లేచి చొక్కా వేసుకున్నాడు.

"ఆళ్ల ఆఫీసు యాడున్నది? పోదాం పా. నేను ఎండల ఇంటింటికి తిరిగిన. అది కొన్నుడెట్లయితది?"

ఆఫీసు లేదని కాదు, మనం వెళ్ళి తట్టే తలుపు లేదని చెప్పాను. ఏ పేరూ లేని మెయిల్‌కు ఏ పేరుతో బతిమాలుకోవాలి? అయినా బతిమాలుకున్నాను. మొదట వచ్చిన మెయిలే అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ వచ్చింది. ప్రపంచంలో దేన్నయినా కొనుక్కోవచ్చునని వాళ్ళకు తెలుసు, ఒక మనిషి ఎండలో ఇల్లిల్లూ తిరుగుతాడని మాత్రం వాళ్ళ లెక్కలో లేదు. క్రిస్మస్ వెళ్ళిపోయింది. నేను గండిపేటలో మళ్ళీ ఉద్యోగంలో చేరాను. కాక ఫ్లెక్సీ విప్పి తెచ్చి మడత పెట్టుకున్నాడు, పారేయనివ్వలేదు.

ఆయన పోయింది ఒక మామూలు మధ్యాహ్నం, దుకాణంలో, ఎవరిదో పెళ్ళి ఫ్లెక్సీలో పెళ్ళికొడుకు ముఖం పెద్దది చేస్తూ. గుండెపోటు. దవాఖానకు తీసుకెళ్ళేలోపే అయిపోయింది. షుగరు ఎప్పటినుంచో ఉంది, మందులు సరిగా వేసుకునేవాడు కాదు. ఇది ఇంత విడమరిచి రాయడానికి కారణం ఉంది. ఇంటివాళ్ళను ఓదార్చడానికి చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడిక రోజు ఒక యూట్యూబ్ చానల్ అబ్బాయి కెమెరాతో వచ్చాడు. కాక ఇల్లిల్లూ తిరిగిన సంగతి అతని చెవిన పడింది.

"అక్కా, 'ఆట కోసం ప్రాణమిచ్చిన కాక' అని పెడ్తం. లక్షల మంది సూస్తరు. మీ గేమ్ యాడికో పోతది. మీరు జర ఆ పూలబండి ఫ్లెక్సి పట్టుకోని ఏడ్సుండ్రి, సాలు."

అతను చెప్పింది నిజమే. బతికున్నన్నాళ్ళూ ఆయన తిరిగితే ఒక్క కంటికి ఆనలేదు, చచ్చిపోతే లక్షల కళ్ళు సిద్ధంగా ఉన్నాయి. ఆయన ఆట కోసం చచ్చిపోలేదని, షుగరుతో చచ్చిపోయాడని చెప్పాను. "గది ఎవరు సూస్తరక్కా?" అన్నాడు. పంపించేశాను. కాక ఉంటే నన్ను తిట్టేవాడని నాకు తెలుసు. ఏడ్చెయ్ బిడ్డ, నాదేం పోయింది, కనవడనిది లేనట్టే అనేవాడు. ఆ తిట్లు కూడా నాకు ఇప్పుడు లేకుండా పోయాయి. మూలన చిన్న గుండ్రంలో ఉన్న ఆ ముఖాన్ని ఇంకొకరి ఫ్లెక్సీలో పెట్టడానికి మాత్రం నాకు మనసు ఒప్పలేదు.

పోయిన వారం చిన్నమ్మ ఆయన ఫోన్ నా చేతికిచ్చింది, అందులో ఫోటోలుంటే తీసిపెట్టమని. ఫోటోల కంటే ముందు నా వేలు పూలబండి మీదికి పోయింది. స్టోరులో ఆట పేజీ తెరిచాను. ఆయన పేరు, దాని పక్కన ఐదు నక్షత్రాలు. ఒకటి వెలుగుతోంది, నాలుగు ఖాళీ. చర్చిలో చెయ్యెత్తి అందరికీ చూపించిన ఆ నక్షత్రమే. అందరివీ దిద్దుతూ తిరిగిన మనిషి తనది దిద్దుకోవడం మరిచిపోయాడు. స్టోరు దాన్ని తీసేయలేదు. అదొక్కటీ అసలైనదని నమ్మింది కాబోలు.

చిన్నమ్మ నా భుజం మీదుగా తొంగి చూసింది. "మారుస్తవా బిడ్డ?"

"ఉండనీ చిన్నమ్మ."

ఫోన్ తీసుకెళ్ళి గూట్లో నిలబెట్టి, గది ఈ చివరకు వచ్చాను. ఆయన చూసినట్టే కళ్ళు చికిలించి చూశాను. అంత దూరం నుంచి ఖాళీవి నాలుగూ కనబడలేదు. ఆ ఒక్కటి కనబడింది.