అక్క గొంతుకు దించిన గిటార్

మే నెల రెండో శనివారం, పొద్దున పదకొండూ ఇరవైకి, కుప్పంలోని వాయిద్యాల అంగట్లో ఆ గిటార్‌ను ఒళ్లోకి తీసుకున్నాను. ఏ పని మొదలుపెట్టినా గడియారం చూసుకోవడం నా అలవాటు.

మదనపల్లెలో మా చర్చికి ఎలక్ట్రిక్ గిటార్ కావాలి. ముప్పై ఏళ్లకు పైగా అక్కడ గిటార్ వాయించింది నేనే. పక్కన నిలబడి పాడింది మా అక్క. ప్రతి ఆదివారం పుంగనూరు నుంచి మొదటి బస్సుకు వచ్చేది. నిరుడు ఆమె చనిపోయాక నేను వాయించలేదు. నా పాత గిటార్ గోడవారన చెమ్మకు మెడ వంగి పనికిరాకుండా పోయింది. "మీకు నచ్చింది చూడండమ్మా, మళ్లీ మీరే వాయించాలి," అన్నారు పాస్టరుగారు. నాకూ వాయించాలనే ఉంది. ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. వారానికి ఒక గంటైనా పదిమంది మధ్య కూర్చోవచ్చు అనుకున్నాను.

కుప్పం పోయే దారిలో బస్సు పుంగనూరులో ఆగింది. దిగకుండా ఆ ఊరు దాటడం నాకు అదే మొదటిసారి.

అది పాతకాలపు నమూనాలో కొత్తగా చేసిన గిటార్. వెన్న రంగు. ముందు ఒక కన్ను మూసి మెడ వెంట చూశాను, తిన్నగా ఉంది. మెడకు అడ్డంగా ఉండే లోహపు మెట్ల అంచుల మీద బొటనవేలు నడిపాను, ఎక్కడా గుచ్చుకోలేదు. బరువు కాస్త ఎక్కువే. అయినా ఒళ్లో కుదురుగా కూర్చుంది, తలవైపు వాలిపోలేదు.

అంగడి యజమాని నా వయసు సాయిబు. నవ్వాడు.

"పెండ్లిసూపులకొచ్చినట్టు తిప్పి తిప్పి సూస్తాండారే అమ్మా!"

"పిల్ల నోరు తెరిస్తేనే కదప్పా తెలిసేది," అన్నాను.

బిరడాలు తిప్పి శ్రుతి చేశాను. ఆయన యాంప్లిఫయర్‌కు వైరు తగిలించాడు. లావు తీగ మీటగానే అది మెట్టుకు తగిలి జరజరమంది.

"ఇది జరజరమంటాండాదప్పా. దీన్ని నేనొప్పుకోను."

ఆయన వంగి ఒక్కో తీగా మీటి చూశాడు. "గిటార్‌ది తప్పేం లేదమ్మా. మీరే శ్రుతి దించినారు. అన్నీ అర స్వరం కిందికుండాయి. తీగలు వదులైనాక జరజరమనక ఏం చేస్తాది?"

నిజమే. మా అక్కది కింది స్థాయి గొంతు. ఆమె కోసం నా గిటార్‌కు లావు తీగలు వేసి, ఎప్పుడూ అర స్వరం దించే ఉంచేదాన్ని. చేతులు అలవాటుగా అక్కడికే పోయాయి.

"ఎవురి కోసరం దించినారు?"

"మా అక్క పాడతాదప్పా."

"అట్లయితే ఆయమ్మను కూడా తోడుకోని రావాల్సింది. లావు తీగలు ఏసిస్తా, పాడించి సూసుకుందురు."

"ఇప్పుడు లేదప్పా."

ఆయన గిటార్ చేతికి తీసుకున్నాడు. శ్రుతి తానే పైకి తెచ్చి ఇచ్చాడు.

ఈసారి జరజర లేదు. తీగల కింద శబ్దాన్ని పట్టే పికప్‌లు రెండున్నాయి; మెడ దగ్గరి దానిలో శబ్దం గుండ్రంగా, నిండుగా వచ్చింది. కిందివైపు పికప్‌లో పదునుగా వచ్చింది. పికప్‌లు మార్చే మీటను మధ్యలో పెట్టి రెండూ కలిపితే యాంప్లిఫయర్ గుయ్యిమనడం తగ్గింది. టోన్ మర తిప్పి పదును బాగా తగ్గించినా స్వరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోలేదు. నాకు నచ్చింది.

అందరికీ తెలిసిన ఒక కీర్తన ఎత్తుకున్నాను. మూడో పాదం చివర ఆగాను.

"యాల ఆపినారు? బాగా పోతాండాదే!"

మళ్లీ మొదటినుంచి వాయించాను. మళ్లీ అక్కడే ఆగాను. అక్క అక్కడ ఊపిరి తీసుకునేది. ఆయాసం మొదలయ్యాక ఆ ఊపిరి ఏడాదికేడాది పొడుగైంది. మేము ముందు వరుసలో ఉన్నంతకాలం చర్చి అంతా ఆమె కోసం ఆగి పాడింది. ఇప్పుడు ఎవరూ ఆగరు, ఆగాల్సిన పనీ లేదు. కాలితో తాళం వేస్తూ వాయించాను. కాలి తాళం ముందుకు పోయింది, చేయి ఆగిపోయింది.

"ఇంగొక పాట ఏయండమ్మా," అన్నాడు సాయిబు. వేశాను. అందులోనూ ఆమె ఊపిరి తీసే చోటే ఆగాను.

అంగడి బయటికి వచ్చి పాస్టరుగారికి ఫోన్ చేశాను.

"గిటార్ మంచిది అయ్యగారూ. మెడ తిన్నగా ఉండాది, శబ్దం శుభ్రంగా ఉండాది. తీసుకోండి. వాయించేదానికి వేరే మనిషిని సూసుకోండి."

"అదేందమ్మా! మీ కోసమే కదా కొంటాండేది?"

"నేను ఆగితే పాడేవాళ్లంతా తడబడతారు అయ్యగారూ."

ఆయన గిటార్ ధర అడిగారు. తర్వాత సరేనన్నారు.

పోయినవి ఇవి: మా అక్క. చెమ్మకు వంగిన గిటార్. పాటలవాళ్ల పక్కన నా కుర్చీ. ఆదివారం పొద్దున ఒక గంట.