తౌనో బిగించిన గోడ పీటలు

మా ఇంటికి నక్షా గీసిన పెద్దమనిషి పేరు గుమ్మం పక్కన ఇత్తడి రేకు మీద చెక్కి ఉంది. నాలుగంతస్తులు కట్టి లిఫ్టు పెట్టనివాడు, బయటి తలుపు దగ్గర చేతిలో సంచి దించుకోవడానికి జానెడు చోటు ఇవ్వనివాడు ఆయన. ఆయన తప్పుల్ని ముప్పై ఒక్క ఏళ్లపాటు ఒక్కొక్కటిగా దిద్దుకుంటూ వచ్చిన తౌనో రెపోనెన్ పేరు మాత్రం టాంపెరె ఊళ్లో ఏ రేకు మీదా లేదు. అందుకే రాస్తున్నాను. నాలుగు చలికాలాలే బడికి వెళ్లిన చెయ్యి ఇది. అక్షరం వంకరగా ఉంటుందేమో గాని మాట వంకర కాదు.

తౌనో మా ఇంటి బాగోగులు చూసే మనిషి. మంచు ఎత్తడం, మెట్లు కడగడం, కింద ఆవిరి స్నానాల గది, అదే సావునా, వేడి చేయడం, విరిగింది అతకడం, వీటికే అతనికి జీతం. మిగతావి ఎవరూ చెప్పలేదు, అతనే కళ్లు పెట్టి చూశాడు. సంచిని మోకాలితో గోడకి అదిమిపెట్టి తాళంచెవి వెతుక్కునే మా అవస్థ చూసి తలుపు పక్కన చిన్న చెక్క బల్ల బిగించాడు. గడ్డకట్టే చలిలో తలుపు ఇనప పిడికి పిల్లల చేతులు అంటుకుపోతున్నాయని దానికి తోలు చుట్టాడు. మెట్ల కమ్మీ కింద పిల్లల ఎత్తుకి ఇంకో కమ్మీ వేశాడు. పెరట్లో తివాచీలు దులిపే దూలాన్ని జానెడు కిందికి దించాడు. దాన్ని అంత ఎత్తున నిలబెట్టినవాడు జన్మలో తివాచీ దులిపి ఉండడు.

అన్నిటికంటే గొప్పవి గోడ పీటలు. ఒక శీతాకాలమంతా బల్బు మారుస్తున్నట్టు నటిస్తూ మెట్ల మీదే నిలబడ్డాడు. సంచులతో ఎక్కేవాళ్లు ఏ మెట్టు దగ్గర ఆగుతున్నారు, ఆయాసంతో గోడ మీద చెయ్యి ఎక్కడ ఆనిస్తున్నారు అని చూసి, ఆ చెయ్యి పడిన చోట పెన్సిలుతో గీత పెట్టుకున్నాడు. అప్పట్లో మాకెవరికీ ఆ సంగతి తెలియదు. వసంతం వచ్చేసరికి ఆ గీతల దగ్గరే పసుపు రంగు వేసిన మూడు చెక్క పీటలు వెలిశాయి. కిందికి లాగి కూర్చోవాలి, లేస్తే స్ప్రింగు పట్టి వాటంతటవే టప్‌మని గోడకి అంటుకుంటాయి. మామూలు కుర్చీ కంటే నాలుగు వేళ్లు ఎత్తు. అరిగిన మోకాళ్లు కూర్చోగలవు గాని లేవలేవు, ఆ సంగతి నక్షాలు గీసేవాళ్లకి ఎవరు చెబుతారు?

తౌనో భార్య సిల్వి గుండె అప్పటికే బలహీనం. వాళ్లుండేది నాలుగో అంతస్తులో. రోజూ మూడు పీటల మీద మూడుసార్లు ఊపిరి పీల్చుకుని పెరట్లోకి దిగేది, నాతో ఒక గంట మాట్లాడేది, మళ్లీ మూడుసార్లు కూర్చుని ఎక్కేది. పీటలు లేకపోతే ఆమెకి పెరడు లేదు. ఇంట్లో ప్రతివాళ్లకీ ఈ సంగతి తెలుసు.

తెలిసే ఊరుకున్నారు. మార్చిలో మా ఇంటి వాటాదారుల సమావేశం. మా సంఘానికి అధ్యక్షుడు ఇల్పో, రెండేళ్ల కిందట వచ్చినవాడు, కాపురం అన్నిటికంటే కింది అంతస్తులో. మెట్లంటే ఏమిటో వాడి కాళ్లకి తెలియదు. మెట్లదారి బాగుచేయిస్తామని రంగుల బొమ్మ ఒకటి తెచ్చి గోడకి తగిలించాడు. బొమ్మలో మెట్లన్నీ బూడిద రంగు, మనిషన్నవాడు లేడు. పీటలూ లేవు. గోడలు నున్నగా ఉండాలట, అడ్డం ఉండకూడదట. ఎవరికైనా అభ్యంతరమా అని అడిగాడు.

నలభై మందిమి కూర్చున్నాం. ఒక్కరూ పెదవి కదపలేదు. మావాళ్ల సంగతి ఇదే. సమావేశంలో నోరు తెరిస్తే గొప్పలకి పోయినట్టు, పక్కవాడిని ఇబ్బంది పెట్టినట్టు అనుకుంటారు. అనవలసిన మాటలన్నీ దాచుకుని తరవాత సావునాలో చెమటతో పాటు కారుస్తారు. తౌనో తన టోపీలోకి చూస్తూ కూర్చున్నాడు. నా సంగతి మాత్రం ఏం గొప్ప? నోట్లో ఏలకుల బన్ను ఉంది. అది మింగేలోపల ఇల్పో తీర్మానం అయిపోయిందని బల్ల మీద సుత్తి కొట్టేశాడు. ఆ బన్ను మీద నాకు ఇప్పటికీ కోపమే.

సమావేశం కాయితం సరిచూసి సంతకం పెట్టడానికి ఇద్దరు కావాలన్నారు. రెండో సంతకానికి ఎవరూ ముందుకి రాకపోతే నా పేరు రాసుకున్నారు. ముసలిది, చూపించిన చోట గీత గీస్తుంది అనుకుని ఉంటారు.

ఆ సాయంత్రమే నాలుగంతస్తులూ ఎక్కి వెళ్లాను.

“నీ నోరేమైనా పడిపోయిందా తౌనో?” అన్నాను.

“నేను చేసినదాన్ని నేనే మెచ్చుకోమంటావా ఐలీ? జనం చూస్తే నవ్వరూ?”

“పెళ్లాం మేడ మీద ఖైదవుతుంటే నవ్వు గురించి బాధా నీకు?”

కిటికీ దగ్గర కూర్చున్న సిల్వి మా వైపు తిరిగింది. “ఊరుకో ఐలీ, ఆయన్ని అనకు. పెరడు ఇక్కణ్ణుంచి కనిపిస్తూనే ఉంది. నువ్వు కింద నిలబడి చెయ్యి ఊపు, చాలు,” అంది.

ఆ మాటకి నాకు ఒళ్లు మండిపోయింది. మంట ఆమె మీద కాదు.

వారానికి కాయితం వచ్చింది. ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివాను. ‘పీటలు తొలగించడానికి ఏకగ్రీవంగా అంగీకరించడమైనది’ అని ఉంది. కాయితం మడిచి రొట్టెల పెట్టె కింద పెట్టాను. మూడో రోజున ఇల్పో వచ్చాడు. లోపలికి రమ్మనలేదు, గుమ్మంలోనే నిలబెట్టాను.

“మీరూ అక్కడే ఉన్నారు కదండీ. ఎవరూ కాదనలేదు,” అన్నాడు.

“అవునని ఎవరన్నారు బాబూ?”

“మన దగ్గర ఊరుకుంటే ఒప్పుకున్నట్టే. మీకు నేను చెప్పాలా?”

“శవం కూడా ఊరుకుంటుంది. దాన్నీ ఒప్పుకున్నవాళ్లలో కలుపుకుంటావా? ఎవరూ నోరు తెరవలేదని రాసి పట్రా, ఇప్పుడే పెడతాను సంతకం. ఏకగ్రీవం అన్న మాట కింద నా పేరు పడదు.”

ఇంకో రెండుసార్లు వచ్చాడు. ఒకసారి పూలకుండీ కూడా తెచ్చాడు, కుండీ తీసుకున్నాను, సంతకం పెట్టలేదు. రెండో సంతకం లేనిదే పనివాళ్లని పిలవడం కుదరదట. చివరికి విసుగెత్తి మళ్లీ సమావేశం పెట్టాడు, ఆరు గంటలకి, సావునా పక్క గదిలో.

తౌనో ఒక్కడే వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. సిల్వి ఏది అన్నాను. బయల్దేరింది, తను వచ్చేదాకా మొదలుపెట్టొద్దంది అన్నాడు. తోడు రావద్దని కూడా అందట. తలుపు వేయబోతున్న ఇల్పోని వేయవద్దన్నాను.

నిశ్శబ్దంలో కూర్చోవడం మావాళ్లకి చేతనైన విద్య. అందరం కూర్చున్నాం. పైన ఎక్కడో ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించుకుంటూ దిగుతున్న చప్పుడు. తరవాత పీట కిర్రుమంది. చాలాసేపు ఏమీ లేదు. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. టప్. మళ్లీ అడుగులు, మళ్లీ కిర్రు, మళ్లీ ఏమీ లేదు. ఈసారి ఇంకా ఎక్కువసేపు. తౌనో సగం లేచి మళ్లీ కూర్చున్నాడు. ఇల్పో మొదట గడియారం చూసుకుంటూ ఉన్నాడు, తరవాత గడియారం ఉన్న చేతిని బల్ల కిందికి పెట్టేసుకున్నాడు. మూడో టప్ అయ్యాక ఇంకాసేపటికి సిల్వి గుమ్మంలోకి వచ్చింది. మొహం సున్నంలా ఉంది. ఎవరి వైపూ చూడకుండా, “కాఫీ మిగిలిందా?” అని అడిగింది.

ఆమె గుటక వేసేదాకా ఇల్పో ఆగాడు. తరవాత, నిప్పు అంటుకుంటే ఈ పీటలు దారికి అడ్డం కదా అని మెల్లగా గొణిగాడు. అప్పుడు లేచాడు తౌనో. ముప్పై ఒక్క ఏళ్లలో సమావేశంలో అతని గొంతు విన్నది అదే మొదలు.

“మడిస్తే పీట గోడ నుంచి ఆరు సెంటీమీటర్లు. పక్కనున్న కమ్మీ పది. కమ్మీ అడ్డం కానప్పుడు పీట అడ్డం కాదు,” అని కూర్చున్నాడు.

పీటలు తీసేయాలనేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఇల్పో అడిగాడు. ఒక్కరూ లేరు. పీటలు ఉంటాయని రాసుకున్నారు. నాకు సంతోషం కలగలేదు సరికదా ఇంకా మండింది. నలభై మందికి తెలిసిన సంగతి చెప్పించడానికి గుండె జబ్బు మనిషి నాలుగంతస్తులు దిగాలా? అసలు కిందికి దిగలేనివాళ్లున్న మిగతా ఇళ్ల సంగతేమిటి? పైగా ఇల్పో తన పరువు కోసం ఒక ముక్క కలిపాడు, పీటల పలకలకి కూడా గోడ రంగే వేయాలని. తౌనో వాటికి పసుపు రంగు వేసింది ముచ్చటకి కాదు, నవంబరు చీకట్లో మసక కళ్లకి కనిపించాలని. అదీ ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు, ఆ ముక్కా అలాగే నెగ్గిపోయింది. ఈసారి నా నోట్లో బన్ను లేదు. లేచి అరవబోతే సిల్వి నా శాలువా కొంగు పట్టుకుని లాగింది.

జూన్‌లో రంగులవాళ్లు వచ్చి వెళ్లారు. మర్నాడు పొద్దున నేను మెట్లెక్కుతుంటే తౌనో మూడో పీట దగ్గర మోకాళ్ల మీద ఉన్నాడు, చేతిలో సన్న కుంచె, పక్కన పసుపు డబ్బా. పలక బూడిద రంగులోనే ఉంది. దాని అంచు చుట్టూ మాత్రం రెండు వేళ్ల వెడల్పున పసుపు గీత లాగుతున్నాడు.

“ఇల్పో చూస్తే?” అన్నాను.

“పలక అని రాసుకున్నారు. అంచు గురించి ఎవరూ ఏమీ అనలేదు,” అన్నాడు తౌనో, తల ఎత్తకుండానే.