మిత్రాదా కోసం ప్రార్థన

"...దేవుడికి చెప్పుకోండి మావయ్యా, నేను వద్దనలేదు. ఆయన పేరు పెట్టి మాత్రం చెప్పకండి."

"పేరు పెట్టకపోతే ఎవలి గురించో దేవుడికి ఎలగ తెలుస్తాది?"

"దేవుడికి తెలీదా?"

"తెలుసు. తెలిసినా మనం సెప్పాల."

వాట్‌గంజ్‌లో, ఓడరేవు పక్కనున్న రెండు గదుల ఇంట్లో కోడలు తబితా టిఫిన్ డబ్బా సర్దుకుంటూ, మావగారు కృపాకర్ బూట్ల లేసులు కట్టుకుంటూ ఈ గొడవ పడ్డారు. డబ్బా మూత గట్టిగానే పడింది. ఆరూ ముప్పావుకి ఇద్దరూ వెళ్లి వ్యాను ఎక్కారు.

కృపాకర్ రేవులో ముప్పై నాలుగేళ్లు క్రేను నడిపాడు. ఆ రోజుల్లో మొదటి బరువు లేపే ముందు ముఠాలో పెద్దవాడు ప్రార్థన చేసేవాడు. ఆమేన్ అనేదాకా కొక్కెం కదిలేది కాదు. రిటైరయ్యాక కృపాకర్‌కి లేపడానికి ఏమీ మిగల్లేదు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో కూర్చుని, సందు మలుపు తిరిగే లారీలకి "ఎడం, ఎడం" అని చేత్తో చూపించేవాడు. లారీవాళ్లు కుడికే తిప్పుకునేవారు.

తబితాకి సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లో బిల్లుల ఆఫీసులో ఉద్యోగం. రెండు బస్సులు, ఒక ఆటో. ఒక సాయంత్రం ఆమె తెగిన చెప్పు చేత్తో పట్టుకుని రావడం చూసి కృపాకర్‌కి వ్యాను ఆలోచన వచ్చింది. చర్చిలో అడిగాడు, చేపల బజారులో అడిగాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన సోములుకి సొంత వ్యాను ఉంది. "ఆరుగురుంటే వస్తాను మావా. ఒకలు తగ్గినా ఇస్కూలు పిల్లల్ని ఎక్కించుకుంటాను," అన్నాడు సోములు. సరిగ్గా ఆరుగురు దొరికారు. ఏడోవాడు కృపాకర్. అతనికి ఆఫీసేమీ లేదు. ముందు సీట్లో కూర్చుని సెక్టార్ ఫైవ్ దాకా వెళ్లి, అందరూ దిగాక అదే వ్యానులో తిరిగొచ్చేవాడు. ఎవరైనా ఫోన్ చేస్తే "డూటీలో ఉన్నాను" అనేవాడు.

అందరికంటే చివర ఖిదిర్‌పూర్ మోడ్ కూడలి దగ్గర ఎక్కేది మిత్రాదా. ఇన్సూరెన్సు ఆఫీసులో బెంగాలీ గుమాస్తా; మిత్రా ఇంటిపేరు, దా అంటే అన్న. వ్యాను ఏడుకి అక్కడ ఉంటే మిత్రాదా ఏడూ పదికి నోట్లో బిస్కెట్‌తో, సగం గుండీలతో పరిగెత్తుకొచ్చేవాడు. ఆయన ఎక్కి తలుపు పడగానే కృపాకర్ కళ్లు మూసుకునేవాడు.

"కృపగల తండ్రీ, ఈ వాహనమును, దీని బ్రేకులను నీ చేతులకు అప్పగించుచున్నాము. మా సహోదరుడైన మిత్రా గారిని జ్ఞాపకము చేసుకొనుము. పక్క మీద నుండి లేచుటకు ఆయనకు బలము దయచేయుము. ఆయన గృహములోని గడియారమును సరిచేయుము."

మాట్లాడితే రేవు భాష, ప్రార్థిస్తే గ్రంథ భాష. రెండూ తెలుగే, మిత్రాదాకి రెండూ రావు. రోజూ తన పేరొక్కటి వినబడేది. ఏమిటని ఒకసారి తబితాని అడిగితే, ఆమె ఇబ్బందిగా, "మీ ఆరోగ్యం కోసం," అంది. మిత్రాదా కదిలిపోయాడు. మర్నాడు వ్యానంతటికీ సందేశ్ మిఠాయి పెట్టె తెచ్చాడు, పదిహేను నిమిషాలు ఆలస్యంగా. అప్పటినుంచి అందరికంటే గట్టిగా ఆమేన్ అనేది ఆయనే.

ఆరుగురిలో ఒకామె ఉద్యోగం మారి మానేస్తే, ఆ సీట్లో లక్ష్మీసౌజన్య చేరింది. కరీంనగర్ అమ్మాయి. మొదటిరోజే, మావాకోడళ్లు గొడవపడిన ఆ రోజే, ప్రార్థనలో గడియారం దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆపుకోలేకపోయింది. ఎందుకు నవ్వుతున్నావని మిత్రాదా అడిగితే హిందీలో ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన ముఖం చూశాక తబితా వైపు తిరిగి, "అయ్యో అక్కా, ఈనెకు ఎర్క లేదా? నాకేం తెల్సు!" అంది.

ఫ్లైఓవర్ ఎక్కాక మిత్రాదా మెల్లగా అన్నాడు.

"అంటే నాలుగు నెలలుగా నా మీద ఫిర్యాదుకి నేనే ఆమేన్ అంటున్నాను."

వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టుకున్నాడు.

"అందరికంటే గట్టిగా!"

"గట్టిగానే దాదా," అన్నాడు సోములు, అద్దంలో చూస్తూ.

దిగేటప్పుడు మిత్రాదా రేపటి నుంచి బస్సులో వెళ్తానని చెప్పి, తలుపు చాలా మర్యాదగా వేశాడు.

తిరుగు దారిలో సోములు అన్నాడు: "ఐదుగురైతే నా వల్ల కాదు మావా. సోమారం నుంచి ఇస్కూలు ట్రిప్పే." కృపాకర్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. సోమవారం పొద్దున్న ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎక్కడికి వెళ్లాలో అతనికి తోచలేదు.

మర్నాడు ఖిదిర్‌పూర్ మోడ్‌లో మిత్రాదా బస్టాపులో నిలబడి ఉన్నాడు. ఇంకా ఏడు కాలేదు. తల దువ్వుకున్నాడు. గుండీలన్నీ పెట్టుకున్నాడు. కృపాకర్ వ్యాను దిగాడు. ఇద్దరూ సగం హిందీ, సగం బెంగాలీలో మాట్లాడుకున్నారు.

"ఇయాల టయానికే ఒచ్చీసారు దాదా."

"బస్సు ఎవరి కోసమూ ఆగదు."

"నాను దేవుడికే సెప్పాను. ఊరోళ్లకి సెప్పలేదు."

"నా ముందే చెప్పారు కదా!"

"మీ యెనక సెప్తే సాడీ అయిపోద్ది."

మిత్రాదా సంచి రెండో భుజానికి మార్చుకున్నాడు. "నేను పది నిమిషాలు ఆలస్యం. మీ ప్రార్థన పది నిమిషాలు. మరి మీ సంగతి దేవుడికి ఎవరు చెప్తున్నారు?"

"అదీ నిజమే మావయ్యా," అంది తబితా కిటికీలోంచి.

బస్సు వచ్చి ఆగింది. మిత్రాదా ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టాడు. కృపాకర్ ఆయన సంచి పట్టుకున్నాడు.

"ఆగండి. మీకు కూడా దేవుడితో సెప్పుకోడానికి ఏటైనా ఉందా?"

"చాలా ఉంది. అన్నీ మీ గురించే."

కండక్టరు అరుస్తున్నాడు. కృపాకర్ సంచి వదల్లేదు. సంచితో సహా మిత్రాదాని తీసుకొచ్చి వ్యాను ఎక్కించి, తలుపు వేసి, తన సీట్లో కూర్చుని వెనక్కి తిరిగాడు.

"రేపట్నుంచి ప్రార్థన మిత్రాదా సేస్తాడు," అన్నాడు. "బెంగాలీలో."