కోదాడ చేరిన పరస్థానం సంచి

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. కాగితం మీద గళ్ళు గీసి టైములు వేస్తే మనుషులు కూడా ఆ గళ్ళలోనే నడుస్తారని. ఇరవై మూడేళ్ళ వయసు, ముక్త్యాల వైపు సిమెంటు ఫ్యాక్టరీలో డిస్పాచ్ సెక్షన్‌లో కొత్త ఉద్యోగం. ఏ లారీ ఎప్పుడు కాటా ఎక్కాలో, ఏది ఎప్పుడు గేటు దాటాలో పొద్దస్తమానం రాసుకోవడమే నా పని. జగ్గయ్యపేటలో కిరాణా హోల్‌సేల్ కొట్టు తప్ప మరొకటి ఎరగని ఇంట్లో ఉద్యోగమనేది చేసిన మొదటి మనిషిని నేనే (మెడలో ఐడీ కార్డు చూసుకుని నాకు నేనే ముచ్చటపడేదాన్ని, ఆదివారాలు కూడా). ఇన్ని లారీలను నడిపిస్తున్నదాన్ని, మా ఇంట్లోవాళ్ళను నడిపించలేనా అనుకున్నాను. లారీలకు నాన్నమ్మలు, మేనత్తలు ఉండరన్న సంగతి అప్పటికి తట్టలేదు.

ఆ ఏడు ఫ్యాక్టరీలో ఉద్యోగులకు హైదరాబాదు శివార్లలోని ఒక పెద్ద ఆటల పార్కుకు పాసులు పంచారు. ఒక్కో పాసు మీద నలుగురు వెళ్ళొచ్చు. కాటా దగ్గర కూర్చునే ఆయనకూ, క్యాంటీన్ ఆయనకూ అలాంటి షోకులు లేకపోవడంతో వాళ్ళవి కూడా అడిగి తీసుకున్నాను. ఫోన్లో ఫొటో తీసి చూపిస్తే కుదరదు, ముద్ర ఉన్న అసలు పాసే కావాలి అని వెనకాల అచ్చువేసి ఉంది. గడువు చూస్తే రెండు వారాలే. ఇంటికొచ్చి గర్వంగా చూపిస్తే, నాన్నమ్మ కళ్ళద్దాలు సర్దుకుని పాసులను కాదు, నన్ను చూసింది. "మీ అత్త వాళ్ళని కూడా తీసుకెళ్ళొచ్చా?" అని అడిగింది. అప్పుడు నేను అవునని అనకపోయి ఉంటే ఆ రెండు వారాలూ హాయిగా అన్నం తిని ఉండేదాన్ని.

నందిగామ అత్త మా నాన్నకు అక్క. అంతకు రెండేళ్ళ ముందు నాన్న కొత్త గోడౌన్ కట్టి పూజ పెట్టుకున్నాడు. ఆడపడుచును ఇంటికి వెళ్ళి బొట్టు పెట్టి పిలవాలి. సరుకు దించుకునే హడావుడిలో నాన్న ఫోన్ చేసి "అక్కా, ఎల్లుండి పూజ, వచ్చెయ్" అన్నాడు. అత్త రాలేదు. సరుకు ఆర్డరిచ్చినట్టు పిలిచాడని ఆవిడ బాధ. సొంత అక్క, ఫోన్ చేస్తే రాదా అని ఈయన బాధ. పేటకీ నందిగామకీ మధ్య గంట ప్రయాణం కూడా లేదు, అయినా ఆ రెండేళ్ళూ ఇద్దరూ ఒకరి గుమ్మం ఒకరు తొక్కలేదు. నాన్నమ్మ ఎవరినీ ఏమీ అనేది కాదు, కానీ పండక్కి చేసిన అరిసెల్లో నాలుగు విడిగా డబ్బాలో పెట్టి, అవి బూజు పట్టాక తనే తీసి పారేసేది. ఆ సాయంత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అంది: "నాకు ఆ పార్కూ గీర్కూ అక్కర్లేదే. వాళ్ళిద్దర్నీ ఒక్క బండిలో కూచోబెట్టు, చూస్తా. మళ్ళీ చూస్తానో లేదో." నేను చూసుకుంటాలే నాన్నమ్మా అన్నాను, లారీకి గేట్ పాస్ రాసిచ్చినంత ధీమాగా.

ఇక చూడండి నా అవస్థ. నాన్నను అడిగితే, మీ అత్త వస్తానందా అన్నాడు. అత్తకు ఫోన్ చేస్తే, మీ నాన్న రమ్మన్నాడా అంది. నేను ఏం చేశానంటే (ఇప్పటికీ రాయడానికి సిగ్గుగానే ఉంది), నాన్నతో అత్తే ముందు అడిగిందని చెప్పాను, అత్తతో నాన్నే పిలవమన్నాడని చెప్పాను. రెండూ అబద్ధాలే. ఏ ఒక్కరైనా రెండోవాళ్ళకు ఫోన్ చేస్తే అయిపోయాను. వాళ్ళు మాట్లాడుకోవాలని ప్రయాణం పెట్టి, పొరపాటున ముందే మాట్లాడేసుకుంటారేమోనని భయపడుతూ తిరిగిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఆ భయాన్ని మరిచిపోవడానికి షీటు మీద షీటు గీశాను. పదకొండుగురం: మావైపు నాన్నమ్మ, అమ్మానాన్న, నేను, తమ్ముడు, అటువైపు అత్త, మామయ్య, వాళ్ళబ్బాయి బావ, బావ భార్య (అక్కా అని పిలిచేదాన్ని), వాళ్ళ పిల్లలిద్దరు. ఎవరు ఏ సీట్లో కూర్చోవాలి, ఎవరికి ఎక్కడ వాంతులొస్తాయి, నాన్నమ్మ బీపీ మాత్ర ఏ ఊరి దగ్గర వేసుకోవాలి, అన్నీ గళ్ళలో పెట్టాను. "ఆదివారం 6.00 బయలుదేరుట" అని ఎర్ర సిరాతో రాసి కింద రెండు గీతలు కొట్టాను.

శుక్రవారం నాన్నమ్మ ఆ షీటు చదివించుకుని తల అడ్డంగా ఊపింది. ఆదివారం పడమటి దిక్కుకు శూల, హైదరాబాదు మనకు పడమర, ఎలా బయలుదేరతాం అంది. కొట్టు మూసేది ఆదివారమే, పిల్లలకు బడి లేనిది ఆదివారమే, పాసుల గడువు ముగిసేది కూడా ఆ ఆదివారమే. నాకు ఏడుపొక్కటే తక్కువ. నాన్నమ్మ మాత్రం నిదానంగా, దానికేముందే, శనివారం పరస్థానం పెడదాం అంది. ప్రయాణం రోజు మంచిది కాకపోతే ముందురోజు మంచి ఘడియలో మన వస్తువులు కొన్ని సంచిలో వేసి, వెళ్ళే దిక్కున ఉన్న ఎవరింట్లోనైనా పెట్టి రావాలి. అంతటితో మనం బయలుదేరినట్టే. మర్నాడు దారిలో ఆ సంచి అందుకుని సాగిపోవాలి. వెనక్కి ఇంటికి మాత్రం తేకూడదు. అత్త వాళ్ళది నందిగామలో విడిగా పెట్టుకున్నారు (వాళ్ళది ఏ గొడవా లేకుండా జరిగింది). మా సంచి రెండు వీధుల అవతల, పడమటి వైపున్న టీచరమ్మ గారింటికి. చిన్నప్పుడు అత్తకూ నాన్నకూ అక్షరాలు దిద్దించిన ఆవిడ.

శనివారం పొద్దున నాన్నమ్మ తన చీర, నాన్న తువ్వాలు, అమ్మ జాకెట్టు, తమ్ముడి టోపీ సంచిలో వేసి, నీ వస్తువు ఒకటి వెయ్యవే అంది. నా చేతిలో ప్లాస్టిక్ ఫైలు ఉంది, అందులో పాసులూ షీట్లూ. మా సెక్షన్లో ఒక నియమం ఉండేది: లోడు కన్నా ముందు కాగితాలు గేటుకు చేరాలి. ఆలోచించాను. ఇంట్లో ఉంచితే పులిహోర గిన్నె కింద పడేది ఆ ఫైలే. సంచి ఎలాగూ దారిలో బండెక్కుతుంది. ఇంతకన్నా భద్రమైన చోటు ఏముంది? ఫైలు తీసి సంచిలో వేశాను. పైగా నా తెలివికి నేనే మెచ్చుకుంటూ సంచిని స్వయంగా మోసుకెళ్ళి టీచరమ్మ గారికి అప్పజెప్పాను. లోపల ఏముందో మాత్రం చెప్పలేదు. పరస్థానం సంచిలో ఏముందని ఎవరూ అడగరు కదా.

ఆదివారం ఐదున్నరకు సంచి సిద్ధంగా ఉందో లేదో చూసొద్దామని వెళితే టీచరమ్మ గారి గుమ్మానికి తాళం వేలాడుతోంది. తాళం లాగి చూశాను. గోడ మీంచి తొంగిచూశాను. ఆవిడ ఫోన్ స్విచాఫ్ (మామూలుగా కూడా ఆవిడ దాన్ని బీరువాలోనే ఉంచుతుంది). అప్పుడే బావ ఫోన్, చిల్లకల్లు టోల్ గేటు దాటుతున్నామని. ఇంటికి పరుగెత్తుకొచ్చి పాసులు ఎక్కడున్నాయో చెప్పేసరికి అమ్మ కుర్చీలో కూలబడింది. నాన్న మేకుకున్న కొట్టు తాళాలు తీసుకున్నాడు. దానికే నాకు ఇంకా భయం వేసింది. మేము అలా నిలబడి ఉండగానే నందిగామ నుంచి అద్దె వ్యాన్ వచ్చి ఆగింది. పిల్లలు దూకారు, మామయ్య దిగాడు, బావా అక్కా దిగారు. డ్రైవరు పక్క సీట్లో అత్త మాత్రం దిగలేదు. పిలవని గుమ్మం ఎక్కనని ఆ కూర్చున్న తీరులోనే ఉంది. నాన్న మెట్ల మీద కొట్టు తాళాలు పట్టుకుని నిలబడ్డాడు. నాన్నమ్మ నేరుగా వెళ్ళి మధ్య సీట్లో కూర్చుంది.

"ఇవాళ్టికి మానేద్దాం. వెళ్ళి కొట్టు తీస్తా" అన్నాడు నాన్న, గాలితో చెబుతున్నట్టు.

"మానేసేవాళ్ళు నిన్ననే చెప్పుంటే మేం నిద్రన్నా పోయేవాళ్ళం" అంది అత్త, ముందున్న అద్దంతో చెబుతున్నట్టు.

ఏడు గంటలకు పాలామె వచ్చి, మమ్మల్నందరినీ వింతగా చూసి, టీచరమ్మ గారి కబురు చెప్పింది. కోదాడలో ఉన్న ఆవిడ మనవరాలికి జ్వరమట, తెల్లవారుజామున మొదటి బస్సెక్కి వెళ్ళిందట, మా సంచి కూడా పట్టుకెళ్ళిందట. తాళం వేసిన ఇంట్లో పరస్థానం చిక్కుబడిపోకూడదని, కోదాడ మీకు దారే కదా, అక్కడ అందుకోండి అని చెప్పమందట. నా ప్రాణం సగం తిరిగొచ్చింది. మిగతా సగం, కోదాడలో ఆవిడ కూతురిల్లు ఎక్కడో ఎవరికీ తెలియదే అని ఆగిపోయింది. అమ్మ నా చెవిలో మెల్లగా, మీ అత్తకు తెలుసే, టీచరమ్మ కూతురూ మీ అత్తా ఒకే బెంచీలో కూర్చుని చదువుకున్నారు అంది. నేను వ్యాన్ కిటికీ దగ్గరకు వెళ్ళి అడిగాను.

అత్త కిటికీ అద్దం పూర్తిగా కిందికి దించింది. "మీ నాన్నే పిలవమన్నాడని చెప్పావు. నిజమేనా?"

అబద్ధం మళ్ళీ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ మధ్య సీట్లోంచి నాన్నమ్మ చూస్తోంది. "కాదత్తా. నేనే చెప్పా. నాన్నతో కూడా నువ్వే అడిగావని చెప్పా" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు కానీ మెట్ల మీద నాన్నకు మాత్రం స్పష్టంగా వినపడింది. అత్త ముఖం ఎర్రబడింది. "అయితే అడగాల్సినవాళ్ళు అడిగితే చెప్తా" అని మళ్ళీ అద్దం వైపు తిరిగింది. నాన్న గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళిపోయాడు. అయిపోయింది, రెండేళ్ళ ఎడాన్ని ఇరవయ్యేళ్ళది చేశాను అనుకున్నాను. నాన్నమ్మ ముఖం చూసే ధైర్యం లేక టైరు వైపు చూస్తూ నిలబడ్డాను.

నాన్న తిరిగొచ్చాడు. చేతిలో కొట్టు తాళాలు లేవు, దేవుడి గదిలోని కుంకుమ భరిణె ఉంది. అది అమ్మ చేతికిచ్చి తను కిటికీ దగ్గరకు వచ్చాడు. అమ్మ అలాగే కిటికీలోంచి చెయ్యి పెట్టి అత్త నుదుట బొట్టు పెట్టింది. "అక్కా" అన్నాడు నాన్న. "కోదాడ దాకా మాతో రావాలి."

"కోదాడకేనా? హైదరాబాదుకి మళ్ళీ అక్కడ బొట్టు పెడతావా?" అంది అత్త. అని, దిగింది. దిగి మా ఇంట్లోకి వచ్చి మంచినీళ్ళు తాగి, గోడౌన్ తాళాలు తెమ్మని, అటూ ఇటూ తిరిగి చూసి, వెంటిలేటరు చిన్నదైందని వంక పెట్టి మరీ బయలుదేరింది. నా షీటు ప్రకారం అప్పటికి మేము సూర్యాపేట దాటి ఉండాలి.

కోదాడలో అత్త ఒక్క మలుపు కూడా తడబడకుండా తీసుకెళ్ళింది. టీచరమ్మ గారు సంచిని కుర్చీలో కూర్చోబెట్టి, దాని మీద ఒక మందారం పెట్టి ఉంచింది. జ్వరం తగ్గిన మనవరాలు ఆ కుర్చీ చుట్టూ గెంతుతోంది. పదకొండుగురికీ ఉప్మా పెట్టనిదే కదలనివ్వలేదు. నేను తింటూ కూడా ఫైలు వదల్లేదు, అందుకే దాని మీద ఒక నూనె మరక పడింది. అక్కడి నుంచి దారి పొడవునా అత్తా నాన్నా, చిన్నప్పుడు టీచరమ్మ చేత ఎవరు ఎక్కువ దెబ్బలు తిన్నారని వాదించుకున్నారు. గొంతులు పెరుగుతుంటే నేను మాట మార్చబోయాను. నాన్నమ్మ నా మోకాలు గట్టిగా నొక్కింది. "పోట్లాడుకోనీవే. మాట్లాడుకుంటున్నారుగా" అంది.

పార్కు చేరేసరికి ఒంటిగంటన్నర. సగం ఆటలు చూడనేలేదు. పిల్లలు ఎక్కుదామనుకున్న పెద్ద చక్రం దగ్గర వరస చూసి వెనక్కి వచ్చేశాం. నాన్నమ్మ ఎక్కింది ఒక్కటే, పార్కు చుట్టూ తిరిగే బొమ్మ రైలు. అటు నాన్న, ఇటు అత్త, మధ్యలో తను. నేను ఎదురు బెంచీలో కూర్చుని, ఆలస్యం చేసి అంతా పాడుచేశాను నాన్నమ్మా అని గొణిగాను. నిజంగానే ఏడుపొచ్చింది. నాన్నమ్మకు నేను దేనికి బాధపడుతున్నానో అర్థం కాలేదు. "ఆలస్యమేంటే? మనం నిన్ననేగా బయలుదేరింది" అంది.

ఇది జరిగి పదేళ్ళు దాటింది. నాన్నమ్మ ఇప్పుడు లేదు. ఈ వేసవికి మా పిల్లలతో, అమ్మానాన్నలతో, అత్తా మామయ్యలతో అలాంటి పార్కుకే వెళ్ళాలని మళ్ళీ నేనే ప్లాను వేస్తున్నాను. టికెట్లన్నీ ఫోన్లోనే. అయినా పొద్దుటి నుంచి ఫోన్ తీసి నాలుగుసార్లు లెక్కపెట్టుకున్నాను. నిన్న అత్త ఫోన్ చేసి, మీ నాన్న బొట్టు పెట్టడానికి ఎప్పుడొస్తున్నాడు అని అడిగింది (నాన్న ఇప్పుడు తన మోకాళ్ళ నొప్పితో కూడా నందిగామ వెళ్ళి పిలిచి వస్తాడు). పాత కాగితాలు వెతుకుతుంటే ఆ నూనె మరక ఫైలు దొరికింది. లోపల నా షీటు. ఎన్ని గళ్ళు గీసిందో ఆ పిల్ల, ఎన్ని రంగులు వాడిందో. అందులో కోదాడ పేరే లేదు. చాలాసేపు నవ్వుకున్నాను, పాపం ఎంత భయపడిందో కదా అని జాలి కూడా వేసింది. తర్వాత పెన్ను తీసుకుని, ఎర్ర సిరాతో రాసిన ఆదివారాన్ని కొట్టేసి, పైన శనివారం అని రాశాను.