నూట నలభై మూడో ఆకు వెనకవైపు

మా చిన్నబిడ్డ స్వప్నకు సర్కారు దవాఖానాలో స్టాఫ్ నర్సు ఉద్యోగం వచ్చింది. ఆ మాట చెప్పుకోకుండా ఈ ప్రయాణం గురించి రాయడం నా వల్ల కాదు. ఏడో తరగతి దాటనివాణ్ని, నాచారంలో ఒక బైండింగ్ దుకాణంలో ముప్పై ఏళ్లు రిజిస్టర్లు కుట్టినవాణ్ని, నా ఇంట్లో సర్కారు ఉద్యోగం. మూడు రోజులు నాకు అన్నం సహించలేదు, అంత సంతోషం. నాలుగో రోజు తెలిసింది, శుక్రవారంలోగా జనన ధ్రువపత్రం ఇవ్వాలని, అదీ కంప్యూటర్ నుంచి వచ్చినదే ఇవ్వాలని. మునుపు పదో తరగతి మెమో చూపిస్తే సరిపోయేదట, ఇప్పుడు రూలు మారిందట. నెట్‌లో వెతికితే వివరాలు లేవని వచ్చింది. మా దగ్గర ఉన్నదల్లా బిడ్డ పుట్టినప్పుడు ఆఫీసులో రాసిచ్చిన చీటీ ఒక్కటే. అందులో 'ఆకు 143, వరుస 14' అని ఉంది. ఆ చీటీ జేబులో పెట్టుకుని బుధవారం బయలుదేరాను. ఇలాంటి పని మీద పోయేవాళ్లకు ఉపయోగపడుతుందని అంతా వివరంగా రాస్తున్నాను.

పీర్జాదిగూడలో ఎనిమిదిన్నరకు సిటీ బస్సు ఎక్కాను. ఉప్పల్ రింగ్ రోడ్డుకు పావుగంట దారి, కానీ ఫ్లైఓవర్ స్తంభాల మధ్య నలభై నిమిషాలు పట్టింది. మీరు గంట ముందే బయలుదేరండి. చేతిలో అరకిలో మైసూర్‌పాక్ డబ్బా ఉంది. బస్సులో పక్కవాళ్లకు పెట్టాను, కండక్టరమ్మకూ పెట్టాను.

"ఏంది పెద్దాయనా, మనుమడు పుట్టిండా?" అంది.

"లేదమ్మా. నా బిడ్డ పుట్టినట్టు కాగితం తేవడానికి పోతున్న."

"పుట్టి ఎన్ని దినాలాయె?"

"ఇరవై ఏడేండ్లు."

"జర ఆలస్యమైనట్టుంది," అని మైసూర్‌పాక్ నోట్లో వేసుకుంది. బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ రోజు పొద్దున నన్ను ఎవరేమన్నా నాకు నవ్వే వచ్చేది.

ఉప్పల్‌లో దిగి షేర్ ఆటోలో హబ్సిగూడ మీదుగా నాచారం చేరేసరికి పది దాటింది. ఆటోకు ఇరవై రూపాయలు. ఆఫీసు పేరు రాయను. నేను పనిచేసిన దుకాణం అక్కడికి రెండు వీధుల అవతలే ఉండేది, ఆ ఆఫీసు రిజిస్టర్లన్నీ మేమే కుట్టి ఇచ్చేవాళ్లం. లోపల బెంచీ మీద ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నారు. రాజమండ్రి వైపు నుంచి వచ్చి ఇక్కడే ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. ఆయన కొడుక్కి పుట్టుకతోనే చూపు లేదు. పెన్షన్‌కు వయసు రుజువు కావాలని మూడు నెలలుగా తిరుగుతున్నారు. ఆయన చీటీ కూడా మాది ఉన్న ఏడాదిదే, ఆ రిజిస్టరుదే. ఆకు 61, వరుస 17. ఆయనకూ మైసూర్‌పాక్ ఇచ్చాను. "మావాడికి తీసుకెళ్తానండీ," అని కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

కంప్యూటర్ దగ్గర సునీత అని ఒకమ్మాయి ఉంది. మంచి పిల్ల, ఓపిక ఉంది. నా చీటీ చూసి నూట నలభై మూడో పేజీ తెరిచింది.

"ఇందుల పది వరుసలే ఉన్నయి తాతా. పద్నాలుగోది లేనే లేదు. చీటీ తప్పు రాసిన్రేమో."

"పుస్తకం ఏది బిడ్డా?"

"పుస్తకం ఏడిది? కోసి స్కాన్ జేసిన్రు. సీడీలల్ల పెట్టిన్రు, సీడీలు పెడుదామంటే ఈ కంప్యూటర్లకు నోరే లేదు. అందుల నుంచి సర్వర్ల ఎక్కించిన్రు. ఇగ సర్వర్ల ఉన్నదే అసలు రికార్డని కాగితం వచ్చింది."

తెర మీది పేజీ కుడివైపు పైమూల 143 అని నల్లటి అంకె కనిపించింది. ఆ మూడు అంకె కింది వంపు కొద్దిగా విరిగి ఉంది. ఆ అంకె నేను కొట్టిందే. మా దుకాణం నంబరు మిషన్లో మూడు అంకె విరిగే ఉండేది. మా పనిలో పేజీకి కాదు, ఆకుకు నంబరు వేస్తాం. ముందువైపు ఒకసారి కొడితే చాలు, వెనకవైపు కూడా ఆ ఆకుదే కదా అని లెక్క. ముందు పది వరుసలు, వెనక పది. మా అప్పటివాళ్లందరికీ అది తెలుసు. స్కాన్ చేయడానికి వచ్చినవాళ్లకు మాత్రం నంబరు ఉన్న ప్రతి వైపూ స్కాన్ చేయమని చెప్పారట. వాళ్లు అలాగే చేశారు. ఆ ఏడాది ఈ చుట్టుపక్కల పుట్టిన పిల్లల్లో సగంమంది సర్వర్లో పుట్టనే లేదు.

"కోసిన ఆకులు ఏమైనయమ్మా?" అని అడిగాను.

అటెండర్ బాలయ్య నన్ను గుర్తుపట్టాడు. "నువ్వా అన్నా, మెట్ల కింద గోనె సంచులల్ల ఉన్నయి. రెండు గంటలకు బండొస్తది, కాగితం మిల్లుకు పోతయి. స్కాన్ అయినంక ఉంచే అక్కర లేదని రూలొచ్చిందంట," అన్నాడు.

ఆరు సంచులు. నేను, మాస్టారు, బాలయ్య నేల మీద కూర్చుని విప్పాం. అక్షరం అక్షరం చదవగలిగేలా ఉన్నాయి ఆకులు. మైదా జిగురులో మైలుతుత్తం కలిపేవాణ్ని, పురుగు ముట్టకూడదని. పురుగు ముట్టలేదు. కత్తివేటుకు మాత్రం మైలుతుత్తం మందు కాదు. కుట్లన్నీ ఒక అంచున తెగి, నా దారం ముక్కలు ఆకులకు వేలాడుతున్నాయి. ఒక్కో పుస్తకం కుట్టడానికి నాకు ఒకటిన్నర రోజు పట్టేది.

ఒంటిగంటకు నాలుగో సంచిలో దొరికింది. వెనక్కి తిప్పాను. పద్నాలుగో వరుస, ఆడశిశువు, తండ్రి పేరు నాది, పక్కన నా వంకర సంతకం. నేను ఏడ్చాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను. సునీత పరుగున వచ్చి ఆకు తీసుకుని అధికారి దగ్గరికి పోయింది. అసలు ఆకు కళ్లముందు ఉంటే ఎక్కించవచ్చట, లేకపోతే కోర్టు నుంచి కాగితం తేవాలట. నాలుగింటికల్లా నా బిడ్డ పుట్టినట్టు ముద్ర పడ్డ కాగితం నా చేతికి వచ్చింది.

మాస్టారి అరవై ఒకటో ఆకు మాత్రం దొరకలేదు. మిగిలిన సంచులు రెండుసార్లు కుమ్మరించాం. ఆ రిజిస్టరువి అన్నీ నూరు తర్వాతి ఆకులే. "మొదటి నూరు పోయిన నెల బండిల పోయినయి సారూ," అని బాలయ్య తల వంచుకుని చెప్పాడు. మాస్టారు ఆ బెంచీ మీదే పోయిన నెల కూడా కూర్చుని ఉన్నారు. మెట్ల కిందికి పోయి చూడమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

నాలుగు దాటాక మేమిద్దరం కలిసే బయటికి వచ్చాం. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని సందు చివర మెస్‌లో భోజనానికి కూర్చున్నాం. ఆ నంబర్లు కొట్టింది నేనేనని ఆయనకు చెప్పేశాను. రెండువైపులా కొట్టి ఉంటే మీవాడు కంప్యూటర్లో ఉండేవాడు మాస్టారూ అన్నాను. ఆయన అన్నంలో మజ్జిగ కలుపుకుంటూ అన్నారు.

"మీకు చెప్పినట్టే మీరు కొట్టారండీ. స్కాన్ చేసినవాళ్లు వాళ్లకు చెప్పినట్టే చేశారు. సంచులు పంపినవాళ్లూ అంతే. అందరూ చెప్పినట్టే చేశారు. ఎవరూ చెప్పకుండా పుట్టింది మావాడొక్కడే."

తిరుగు బస్సులో నా ఒళ్లో రెండున్నాయి, స్వప్న కాగితం, ఖాళీ మైసూర్‌పాక్ డబ్బా. సంతోషం లేదని అబద్ధం చెప్పను. ఇంటికి పోగానే మా ఆవిడ ఆ కాగితాన్ని దేవుడి పటం ముందు పెట్టింది. కానీ ఆ మధ్యాహ్నం రెండు గంటలకు బండి నా కళ్లముందే వచ్చింది, మిగతా సంచులు ఎక్కించుకుని పోయింది. సునీత పైవాళ్లకు ఫోన్ చేసింది, ఆపమని ఎవరూ రాసివ్వలేదు. నోటిమాట మీద బండి ఆగదట. నా చేత్తో కుట్టిన పుస్తకాల్లో ఇంకా ఎందరి పిల్లలు వెనకవైపున ఉన్నారో, వాళ్ల నాన్నలు ఏ బెంచీ మీద కూర్చున్నారో నాకు తెలియదు.

అందుకే ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మీ పాత చీటీలో వరుస నంబరు పది దాటి ఉండి, కంప్యూటర్లో లేదని చెబితే, చీటీ తప్పని ఒప్పుకుని లేచి రాకండి. ఆకు వెనకవైపు చూపించమని అడగండి, కోసిన ఆకులు ఎక్కడున్నాయో అడగండి. బండి ఏ రోజు వస్తుందో అన్నిటికన్నా ముందు అడగండి.